మాత్రలు మానేసిన మేస్త్రీ

మా బాబాయి టైల్స్ మేస్త్రీ. ఆయన పరిచిన నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుంది. చుట్టరికం కొద్దీ చెబుతున్న మాట కాదు. ఆయనంటే పడని మేస్త్రీలూ ఇదే చెబుతారు, కాకపోతే మూతి ముడుచుకుని చెబుతారు.

ఆ పనంతా గొంతుకూర్చునే చెయ్యాలి. సగం బతుకు అలా గడిపినవాడి మోకాళ్ళు ఎలా ఉంటాయి? కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. అందుకని పొద్దున టీ తాగగానే ఒక నొప్పి మాత్ర, పని ఎక్కువుంటే మధ్యాహ్నం ఇంకొకటి. ఏ డాక్టరూ రాసివ్వలేదు. మందుల షాపులో "ఆ ఎర్రది" అంటే చాలు, ఇచ్చేవాడు.

పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే పిన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. బీపీ ఎప్పట్నుంచో ఉందట, ఈయనకే తెలియదు. కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయన్నారు.

"ఆ మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. బాగున్న కిడ్నీ తట్టుకుంటుందేమో గానీ మీది తట్టుకోదు. ఈ రోజుతో మానెయ్యండి," అన్నాడు డాక్టరు. బదులుగా పారాసెటమాల్ రాశాడు, అదీ ఇంతకు మించి వద్దని చెప్పి మరీ.

"ఈ మాత్ర నా మోకాలి దాకా రాదురా," అన్నాడు బాబాయి ఇంటికొచ్చాక. "తొడ దగ్గరే దిగిపోతుంది."

పిన్ని ఇంట్లో ఉన్న ఎర్ర మాత్రలన్నీ పారబోసి, మందుల షాపుకెళ్ళి నలుగురిలో చెప్పింది: "మా ఆయనకు ఇంకోసారి అమ్మావంటే నీ షాపు ముందు చాప వేసుక్కూర్చుంటా."

కొన్నాళ్ళు మూలిగాడు. తర్వాత ఏమైందో, మునుపటిలా పనికి పోవడం మొదలుపెట్టాడు. "మాత్ర లేకపోతే కాళ్ళు ఊడిపోతాయన్నావ్, ఊడాయా?" అని పిన్ని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పాదాలు మళ్ళీ వాస్తున్నాయని ఆవిడ చూసుకోలేదు.

ఒక రోజు బాబాయి పనిచేస్తున్న ఇంటావిడ పిన్నికి ఫోన్ చేసింది. మా ఇంట్లో కాలేజీ మానేసి ఖాళీగా ఉన్నది నేనే. బండేసుకుని పోయాను.

గది ఆ చివర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకీ గుమ్మానికీ మధ్య అప్పుడే పరిచిన పచ్చి నేల. కిటికీకి ఊచలు. చేతిలో ఇంకా తాపీ.

"పని నేర్చుకునేవాడు కూడా అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వస్తాడు కదా!" అంది ఇంటావిడ. "ఈయనేమో గుమ్మం దగ్గర మొదలుపెట్టి గోడ దాకా పోయాడు. పిలిస్తే పలకడం లేదు బాబూ, భయమేసింది."

"బాబాయ్, లేచి రా."

"ఎక్కడ అడుగెయ్యనురా? పచ్చిగా ఉంది."

"పోతే పోనీ."

"నువ్వైతే వేస్తావ్. నేను పరిచింది నేను తొక్కను." గోడకు తల ఆనించాడు. "తల తిరుగుతోంది. పొద్దున్నుంచీ వాంతులు. ఒంటేలు కూడా సరిగ్గా రావట్లేదు."

"మళ్ళీ మాత్రలేసుకున్నావా?"

"నీ మీద ఒట్టు. మాత్ర ముడితే చూడు." తాపీ కింద పెట్టాడు. "సూదే వేయించుకుంటున్నా. మన సందు చివర కాంపౌండర్ దగ్గర. రోజు విడిచి రోజు."

"నీకేమైనా పిచ్చా?"

"డాక్టరు మాత్రలన్నాడు గానీ సూది అన్లేదుగా! సూది కడుపులోకి పోదు కదరా. నడుం నుంచి నేరుగా మోకాలికి దిగుతుంది."

దొంగతనం దొరికిపోయినవాడి ముఖం కాదది. డాక్టరు మాట జవదాటలేదనే ఆయన నమ్మకం. చెప్పులతోనే పచ్చి నేల తొక్కుకుంటూ పోయి ఆయన్ని లేపాను. బయటికి వచ్చేదాకా నా అడుగుల కింద కుంగిన ఒక్కో టైల్నీ చూస్తూనే ఉన్నాడు. ఇంటావిడ నేల ఊసెత్తలేదు.

"సూదైనా మాత్రైనా లోపలున్నది ఒకటే మందు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "ఎటు నుంచి వెళ్ళినా చేరేది రక్తంలోకే. ఆ రక్తం వెళ్ళేది కిడ్నీలోకే. ఇక మీదట మందుల షాపులో అయినా, సూది వేసేవాడి దగ్గరైనా ముందు కిడ్నీ సంగతి చెప్పండి. గొంతుకూర్చోవడం తగ్గించండి."

"వేలాడుతూ పరచమంటారా సార్ నేల?" అన్నాడు బాబాయి. డాక్టరు నవ్వలేదు.

పిన్ని కాంపౌండర్ మీదికి పోయింది. "మోకాళ్ళన్నాడు, వేశాను. కిడ్నీ అని చెప్పలేదక్కా," అన్నాడతను. "నువ్వడిగావా?" అంది.

ఆసుపత్రిలో ఉంచుకుని చూశాక కిడ్నీలకు పోయిన బలంలో కొంత తిరిగొచ్చింది. అంతా రాదట. మళ్ళీ ఆ మందు తగిలితే మిషన్ మీద రక్తం కడిగించుకోవాల్సి వస్తుందన్నారు.

మొన్న కాంట్రాక్టర్ ఇంటికొచ్చాడు. "పెద్ద హాలుంది మేస్త్రీ. నీ చెయ్యి పడాలంటున్నారు. ఎలా చేస్తావో నీ ఇష్టం."

బాబాయి గోడ పట్టుకుని మెల్లగా నేల మీద చతికిలబడ్డాడు. కాళ్ళు బారజాపి, ఒక పాత టైల్ని ముందు పెట్టుకుని, చేతుల మీద బరువేసి వెనక్కి జరిగాడు. మళ్ళీ జరిగాడు. నుదుటి మీద చెమట. పిన్ని వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంత మెల్లగా అయితే ఇల్లుగలాయన వేరేవాణ్ణి చూసుకుంటాడు మేస్త్రీ," అన్నాడు కాంట్రాక్టర్. మంచివాడే. అందుకే చెప్పులేసుకుంటూ మా వంక చూడలేకపోయాడు.

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం," అన్నాడు బాబాయి మోకాలు నిమురుకుంటూ. "రెండూ నా ఒంట్లోనే దూరాయిరా."

చెయ్యి అందించాను. పట్టుకోలేదు.

"ఉండు. లేస్తే మళ్ళీ కూర్చోలేను."