మొక్కు కాని గుండు

తాయారు నోటికి జడిసి నరసన్నపేట చేపల బజారులో గీచి గీచి బేరమాడేవాళ్లు తక్కువ. అలాంటి మనిషి నిరుడు కోనాం చేప కోస్తూ కోస్తూ, చేతిలో కత్తితోనే మూర్ఛొచ్చి పడిపోయింది. మెదడులో గడ్డ అన్నారు. విశాఖలో ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. మిగిలిన ముక్క కూడా తీస్తే మాట పడిపోతుందట. మాటే లేకపోతే ఇంక తాయారేమిటి?

ఆ ముక్కను మందుతో చంపుదామంటే, మెదడులోని రక్తనాళాలు మందును గుమ్మం దగ్గరే ఆపేస్తాయి. అందుకని అక్కడి డాక్టరు అనూరాధ కొత్త పద్ధతి ఒకటి చెప్పింది. నరంలోకి సన్నటి బుడగలు ఎక్కించి, బయటినుంచి తలలోకి శబ్దతరంగాలు పంపితే ఆ నాళాల గోడలు కాసేపు వదులవుతాయి. ఆ సందులో మందు లోపలికి పోతుంది. ఇది ఇంకా పరీక్షల్లోనే ఉంది, నయమవుతుందని మాటివ్వలేనంది. జుట్టుంటే తరంగాలు సరిగా దిగవు కాబట్టి నున్నగా గుండు చేయాలంది.

దాంతో ఇంట్లో అగ్గి రాజుకుంది. తాయారు మొగుడు సూరయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. "మొగుడు సముద్రంలోకెల్తుంటే ముండమోసినట్టు నీకు బోడిగుండేటే? మతుండే మాటాడతన్నావా?" అని అత్త లక్ష్మణమ్మ గుండెలు బాదుకుంది. అలలకు ఎదురెళ్లే మగాడు అమ్మ ముందు తలొంచుకుని వల సర్దుకున్నాడు.

"నీ కొడుకు ఒడ్డుకొచ్చేసరికి ఇంట్లో నానుండాలా, నా జుట్టుండాలా?" అంది తాయారు.

లక్ష్మణమ్మ దారి మార్చింది. "సరే, సింహాద్రి అప్పన్నకి మొక్కని సెప్పీ. నలుగురూ దండమెడతారు."

తాయారు తన దారిన విశాఖ వెళ్లింది. గుండు చేయించుకుంది, తలకు యంత్రం తొడిగించుకుంది, మందెక్కించుకుంది. ఓపిక రాగానే గంపతో బజారులో దిగింది. కోడలి నోటిమీద నమ్మకం లేక అత్తా వెంట వచ్చింది. పక్కన చేపలమ్మే కుమారి నోరెళ్లబెట్టి, "ఏ దేవుడి మొక్కే?" అంది.

"అప్పన్న మొక్కమ్మా," అని లక్ష్మణమ్మ అందుకుంది.

"కాదు!" తాయారు కేకకు బజారంతా ఇటు తిరిగింది. "నా తల్లో గడ్డున్నాది. మందు లోనికెల్లడానికి గొరిగించినాను. అత్తా, అప్పన్నంటే నాకూ బత్తే. కానీ నాను మొక్కని అబద్దమాడితే, రేపు ఇంకొకర్తికి ఇదే రోగమొస్తే మొక్కుతోనే తగ్గిపోద్దని గుండు సేయించుకొని ఇంట్లో కూకుంటాది. ఆసుపత్రికెల్దు. అది సచ్చిపోతే ఆ పాపం ఎవుల్ది?"

లక్ష్మణమ్మ మొహం మాడ్చుకుని చేపలమీద నీళ్లు చల్లింది. తాయారు మాత్రం కొంగు తలమీదికి లాక్కోలేదు. మిలమిల మెరిసే గుండుతోనే బేరాలు మొదలెట్టింది. ఆ పొగరు చూసి తీరాలి.

ఇలా కొన్ని విడతలు మందెక్కించాక తీసిన స్కానింగ్ చూసి అనూరాధ గొంతు తగ్గించింది. "గడ్డ తగ్గలేదు తాయారమ్మా. పెరగనూ లేదు. ఇక ఆపేద్దామన్నా నేనేమీ అనను, నీ ఇష్టం."

తాయారు అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టును చేత్తో నిమురుకుంది.

"పెరగలేదు కదా డాక్టరమ్మా? మరింకేటి, మంగలి కత్తి తెప్పించు."