పేరు రాయని డబ్బాలు

మొన్న ఆదివారం సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేద్దామని శనగపిండి కలుపుతున్నాను. వంటింటి గట్టు మీదే పుస్తకం పరుచుకుని మా మనవరాలు కెమిస్ట్రీ హోంవర్కు చేసుకుంటోంది. ఏ అయాను పక్కన ఏ అయాను చేరితే ఏ పేరొస్తుందో రాయాలట. సోడియం క్లోరైడ్ అనే ఎందుకనాలి, క్లోరైడ్ సోడియం అంటే ఏం పోయిందని దాని పేచీ. ఏళ్ళ తరబడి జూనియర్ కాలేజీలో ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, జవాబు నా నాలుక చివరే ఉంటుంది. మన పేర్లలాగే, ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. ధనావేశం ఉన్న సోడియం ఇంటిపేరు, రుణావేశం ఉన్న క్లోరైడ్ పేరు. చెబుతూ చెబుతూ, తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి అరలోంచి సోడా డబ్బా తీశాను. అది చటుక్కున లేచి నా మణికట్టు పట్టుకుంది. "చదివావా అమ్మమ్మా?" అంది. మా ఇంట్లో అదొక నియమం, వాళ్ళమ్మ నేర్పింది. అయినా నేను ఉలిక్కిపడ్డ తీరుకి పిల్లే భయపడిపోయింది. నా చేతిలో చెంచా కిందపడి, వంటగదంతా మోగింది.

ఆ పిల్ల తల్లి కడుపులో ఉన్నప్పటి మాట ఇది. మండపేటలో మా మామగారికి పచారీ కొట్టు ఉండేది. ఇంటిని ఆనుకుని ఒక పొడుగాటి గది, ముందు వీధి, వెనక సందు. గుమ్మంలో అడుగుపెడితే బెల్లం, ఇంగువ, కొత్త గోనె వాసనలు కలిసి కొట్టేవి, కాసేపటికి వాటి వెనకనుంచి గంధకం బయటపడేది. గోడల నిండా ఒకే సైజు రేకు డబ్బాలు. ఒక్కదాని మీదా పేరుండదు. మామగారు వీధి వైపు తిరిగి గల్లాపెట్టె ముందు కూర్చుంటే ఆయన కుడిచేతి పక్కన కాలవ వైపు గోడ, ఎడంచేతి పక్కన మిల్లు వైపు గోడ. తినేవన్నీ కుడి, తినకూడనివన్నీ ఎడమ. అంతటితో ఊరుకోలేదు మహానుభావుడు, చూడ్డానికి ఒకేలా ఉండేవాటిని ఎదురెదురుగా పెట్టారు. ఉప్పుకి ఎదురుగా నవసాగరం, పటికబెల్లానికి ఎదురుగా పటిక, వంట సోడాకి ఎదురుగా మిల్లులవాళ్ళు ఎలకలకి పిండిలో కలిపి పెట్టే తెల్ల పొడి. కవలపిల్లల్లో ఒకడు కనిపిస్తే రెండోవాడు ఎక్కడున్నాడో గుర్తుండాలంటారు ఆయన. గది మధ్య స్తంభానికి కొట్టిన చిన్న అరలో భేది ఉప్పు, సైంధవ లవణం లాంటి మందు సరుకులుండేవి. వాటిని నడిమివి అనేవారు.

కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో నాకు ఇది చూసి మతిపోయింది. చదువుకున్న పొగరు కూడా ఉండేది కదా, ఒక శెలవురోజు కూర్చుని డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించాను. సోడియం బైకార్బొనేట్, అమ్మోనియం క్లోరైడ్, కాపర్ సల్ఫేట్, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఎలకల పొడి సంచీ మీద చిన్న అక్షరాల్లో ఉన్నది వెతికి మరీ చదివి, బేరియం కార్బొనేట్ అని ఎర్రసిరాతో రాశాను. తెల్లారేసరికి మామగారు తడిగుడ్డతో అన్నీ ఊడదీసేశారు. నేను ముఖం మాడ్చుకుంటే, కోప్పడలేదు, పిలిచి బెల్లంముక్క చేతిలో పెట్టి చెప్పారు. "పేరు రాసిన డబ్బా దగ్గర మనిషి నిద్రపోతాడమ్మా. రాయనిదాని దగ్గరే మెలకువగా ఉంటాడు." పైగా అలాంటి పేర్లు లక్ష్మీదేవి ఉండే చోట గోడకెక్కించకూడదట. ఎలకల పొడిని ఆయన నోటితో కూడా అనేవారు కాదు, మిల్లు వైపుది అనేవారు. ఆ మెలకువతోనే అన్నేళ్ళు ఒక్క పొరపాటు లేకుండా అమ్మారు, చెయ్యి అటు వెళ్ళేది, కళ్ళు మనిషి ముఖం మీదే ఉండేవి. నేనూ వాదించడం మానేశాను.

ఊళ్ళోకి పెద్ద పెద్ద అద్దాల షాపులు వచ్చాక బేరం పలచబడింది. ఎవరో సిద్ధాంతిగారు వచ్చి గది నాలుగు మూలలూ చూసి, వీధి గుమ్మం మూసేసి సందు వైపు గుమ్మం తెరవమన్నారు, కూర్చునేది కూడా ఇటునుంచి అటు తిరగమన్నారు. మామగారు మంచి ముహూర్తం చూసి అలాగే తిరిగి కూర్చున్నారు. డబ్బాలు కూడా ఆ గోడవి ఈ గోడకి మార్చాలి కదా అని మావారు గుర్తు చేశారు. మారుద్దాం, కానీ రేపు అష్టమి, ఎల్లుండి నవమి, ఆ రెండు రోజులూ సరుకు కదపకూడదన్నారు మామగారు. కొట్టు మూసే ఉంచారు కనక ఎవరికీ కంగారు లేదు. దశమినాడేమో మా అమ్మాయికి శ్రీమంతం. వియ్యాలవారు వస్తున్నారు, గాజులు, పళ్ళు, పూలు, వంటలు, ఇల్లంతా పీకి పందిరేసినట్టుంది. ఆ సందట్లో డబ్బాల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ రోజు వంటకి కోనసీమనుంచి ఒక వంటాయన్ని పిలిపించాం. బజ్జీల పిండి కలుపుతూ ఆయన సోడా అడిగారు. పాకెట్టు తెప్పిస్తానన్నాను. మనవరాలి శ్రీమంతానికి కొట్లో సోడా పెట్టుకుని బయట కొనడమేంటని మామగారికి పౌరుషం వచ్చింది. తానే వెళ్ళి పొట్లం కట్టి తెచ్చారు. వంటాయన దాన్ని చిటికెడు పళ్ళెంలో వేసి నిమ్మకాయ పిండారు. బుసబుసమని పొంగింది. "ఫరవాలేదండి, బతికే ఉంది సోడా" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. పొంగితే కార్బొనేటే కదా అని నవ్వి, కొబ్బరికాయల లెక్క చూసుకోవడానికి వెళ్ళిపోయాను. వంటాయన చెయ్యి పెద్దది, సోడా విషయంలో మరీ పెద్దది.

కాసేపటికి హారతికి కర్పూరం కావాల్సొచ్చి కొట్లోకి వెళ్ళాను. గుమ్మం మారాక నేను అందులో అడుగుపెట్టడం అదే మొదలు. వెలుతురు అటునుంచి కాకుండా ఇటునుంచి పడుతోంది, గదంతా తిరగేసిన చొక్కాలా ఉంది. మామగారి పరుపు చూశాను. దాని కుడిచేతి పక్క గోడ చూశాను. రెండో వరసలో ఒక డబ్బా మూత సరిగా పడలేదు, అంచున తెల్లటి పొడి. అది మిల్లు వైపు గోడ. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. ఇప్పుడు అటు తిరిగి కూర్చున్న మామగారి కుడిచెయ్యి వెళ్ళేది ఈ గోడకే. పొంగింది కదా అని మనసు ఇంకా గింజుకుంటూనే ఉంది. పొంగడం కార్బొనేట్ గుణం. సోడియం వెనక ఉన్నా పొంగుతుంది, బేరియం వెనక ఉన్నా పొంగుతుంది. నిమ్మకాయ నాకు పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పలేదు. ఒక ఇంటివాడు కూరలో వేసుకునేవాడు, రెండో ఇంటివాడు ప్రాణం తీసేవాడు.

ఎలా పరిగెత్తానో తెలీదు. మా అమ్మాయి కుర్చీలో నిండుగా పసుపు రాసుకుని, మోచేతుల దాకా గాజులతో కూర్చుని ఉంది. ఒడిలో పళ్ళెం. తొలి వాయి బజ్జీలు దానికే పెట్టారు, చూలింత ఆశపడుతుందని. ఒకటి తుంచి నోటి దగ్గరకి తీసుకెళ్ళింది. దాని మణికట్టు పట్టుకుని లాగాను. బజ్జీ ఎగిరి వియ్యపురాలి పట్టుచీర మీద పడింది, రెండు గాజులు పగిలాయి. శ్రీమంతంలో గాజులు పగలడం! మా అత్తగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఏమైందే నీకు అని అందరూ అడుగుతున్నారు. శుభం జరిగే చోట, కడుపుతో ఉన్న పిల్ల ముందు, విషం అన్న మాట నా నోటికి రాలేదు. ప్రపంచంలో ఉన్న ప్రతి లవణానికీ పేరు చెప్పగలిగిన మనిషిని, ఆ ఒక్క మాట అనలేక, నూనె బాగాలేదు, ఎవరూ తినకండి అని ఆ పళ్ళెం లాక్కుని వంటింట్లోకి పోయాను. పోయేముందు తిన్నావా అని మా అమ్మాయి చెవిలో అడిగితే లేదని తల ఊపింది.

కొట్లో చూసింది చెప్పినా వంటాయన పొయ్యి ఆపనన్నారు. మూత తీసుందని పెద్దాయన మీద నింద వేస్తారా, ఇంత పిండి పారబోస్తారా అని ఆయనకి కోపం. నాక్కూడా లోపల ఎక్కడో, కాకపోతే బావుండునని ఆశ. బాత్‌రూం కడిగే యాసిడ్ కొద్దిగా తెప్పించి, ఇనప తీగ దాంట్లో ముంచి, పొట్లంలో మిగిలిన పొడి అంటించి గ్యాసు మంటలో పెట్టాను. పచ్చగా వెలిగింది, పసుపుపచ్చగా. సోడియం! నా గుండె కుదుటపడబోయింది. కానీ సోడియం చేతి చెమటలో కూడా ఉంటుంది, ముందు అదే మండుతుంది. తీగ అలాగే పట్టుకున్నాను. పసుపు తగ్గింది, దాని కిందనుంచి లేత ఆకుపచ్చ మంట లేచింది. వంటాయన రెండడుగులు వెనక్కి వేశారు. కాలేజీలో ఆ మంట చూపించినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మా వంటింట్లో ఎవరూ కదల్లేదు.

మామగారు ఎప్పుడొచ్చారో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ మంట చూశారు, పొట్లం చూశారు, తన కుడిచెయ్యి చూసుకున్నారు.

"నేను రెండు తిన్నానమ్మా" అన్నారు. "మీ అత్తయ్యకి చెప్పకు."

బీపీ అని అత్తగారు ఆయనకి నూనె వంటలు మాన్పించింది. అందుకని వాయి దిగగానే పెరటి వైపునుంచి వచ్చి దొంగతనంగా తిన్నారట. ఇది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడుపే వచ్చింది. కారెక్కేలోపే వాంతి చేసుకున్నారు, పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందన్నారు. దారిలోనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఎలకల మందంటే చాలదమ్మా, ఒక్కోదానికి ఒక్కో వైద్యం, అసలు పేరు చెప్పండన్నారు. బేరియం కార్బొనేట్, నా కళ్ళతో మంట చూశానన్నాను. అయితే సల్ఫేట్ పట్టిద్దాం, రండి అన్నారు. సల్ఫేటంటే మన భేది ఉప్పే. పక్కన మామగారు కళ్ళు మూసుకునే విన్నారు. మన నడిమి అరలో ఉంది, తెప్పించు, నడిమిది ఎటు తిరిగి కూర్చున్నా నడిమిదేగా అన్నారు. ఆ స్థితిలో కూడా! నాకు కోపం ఆగలేదు. "వద్దండి మావయ్యగారూ, పేరు రాసి ఉన్నదే కావాలి" అన్నాను.

ఆస్పత్రిలో సల్ఫేట్ పట్టించినా, ఆ సాయంత్రానికి ఆయన కాళ్ళూ చేతులూ సత్తువ లేకుండా వాలిపోయాయి. సెలైన్లు, పొటాషియం, గుండెకి తగిలించిన వైర్లు. రాత్రంతా అత్తగారు ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. బజ్జీల సంగతి ఆవిడకి అప్పటికే తెలిసింది, తిట్టలేదు, ఆవిడ తిట్టకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది. మర్నాటికి ఆయన వేళ్ళు కదిలాయి. నన్ను పిలిచి లోపల ఏం జరిగిందో చెప్పమన్నారు. కడుపులో మిగిలిన బేరియం సల్ఫేట్‌తో కలిసిపోయిందండీ, అది ఎందులోనూ కరగదు, ఒంటికి పట్టదు, ఎక్స్‌రేలకి మనుషుల చేత తాగించేది కూడా అదే, ఇంటిపేరు అదే గానీ పేరు మారింది అన్నాను. ఆడపిల్లకి ఇంటిపేరు మారుస్తాం, నువ్వు దీనికి పేరే మార్చేశావన్నమాట అని నవ్వబోయి, నవ్వలేక, గోడవైపు తిరిగి పడుకున్నారు. వీపు కదులుతోంది. "పిల్ల నోట్లో పెట్టబోయాను కదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన మళ్ళీ గల్లాపెట్టె ముందు కూర్చోలేదు. మిల్లు వైపు సరుకంతా తీయించేశారు. మిగిలిన డబ్బాలు నా ముందు పెట్టి రాయమన్నారు. వంట సోడా అని రాయబోతే ఒప్పుకోలేదు, ఇంటిపేరుతో సహా రాయమన్నారు. పురిటికి ముందే అన్నీ అంటించాను. మనవరాలి కూతురు పుట్టాక, దానికి మాటలొచ్చాక, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ డబ్బాల మీది అక్షరాలే దిద్దించారు. పిల్లలందరూ అ అంటే అమ్మ అని నేర్చుకుంటే, మా మనవరాలు సో అంటే సోడియం అని నేర్చుకుంది. దానికి ఊహ వచ్చేసరికి ఆయన లేరు, కొట్టూ లేదు.

మొన్న నా మణికట్టు పట్టుకున్నది ఆ పిల్లే. నా చేతిలో ఉన్నది ఆ కొట్టు డబ్బాల్లో ఒకటి, కాగితం పసుపెక్కినా నా అక్షరాలు అలాగే ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాను, సోడియం బైకార్బొనేట్. చదివేదాకా అది చెయ్యి వదల్లేదు. వదిలాక పొయ్యి వెలుతురులో నా చెయ్యి చూసుకున్నాను. నరాలు తేలి, చర్మం వదులై, దారి తనకే తెలుసన్న ధీమాతో ఉంది. మామగారి చేతికి ఆనాడున్న వయసు, నాకు చెప్పకుండానే, నా చేతికి వచ్చేసింది.