బొగ్గు గుహలో నల్లచేప

నిన్న మా అపార్టుమెంటులో చేపల తొట్టి కడుగుతుంటే, నాచు వాసనా తడి ఇసుక వాసనా కలిసి ముక్కుకు తగిలి, ఉన్నదాన్ని ఉన్నట్టే గోదావరిఖని కాలనీలోని మా పాత క్వార్టరు ముందుగదిలో, అప్పటి చేపల తొట్టి ముందు పడ్డాను.

అప్పటికి కాలనీలో ఇంటింటికీ గ్యాసు వచ్చేసింది. మా బాపుది భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. తెల్లారకముందు మబ్బులో పోయినా, మధ్యాహ్నం పోయినా చీకట్లోనే పని కనుక, ఇంటికి రాగానే లైటు వేసిన ఆ తొట్టి ముందు చాయ్ గ్లాసుతో కూలబడేవాడు. అమ్మకు తొట్టి గిట్టేది కాదు. "మనుషులకే నల్లా నీళ్లు సాల్తలేవు, చేపలకు భోగాలా!" అని సణుగుతూనే, వాటి కోసం బకెట్లో నీళ్లు పట్టి నిలవ ఉంచేది మళ్లీ ఆమే.

క్రిస్మస్ వస్తోందంటే గోడలకు సున్నం, గుమ్మానికి కాగితపు నక్షత్రం, వంటింట్లో సకినాల నూనె వాసన, వాటితో పాటు తొట్టికీ కొత్త సింగారం. గోదావరి ఇసుకను తేటనీళ్లు వచ్చేదాకా కడిగి పరిచేవాళ్లం. ఆ ఏడు బాపు, గ్యాసు వచ్చాక దిక్కులేక పెరట్లో పడున్న పొయ్యిబొగ్గు పెళ్లలను తోమి తోమి కడిగి, ఒకదానిమీద ఒకటి పేర్చి గుహ కట్టాడు. గనిలో కప్పు గట్టిదో డొల్లదో కొట్టి చప్పుడు విని తెలుసుకుంటారు కదా, ఆ అలవాటు కొద్దీ గుహ నెత్తిమీద చెంచాతో టకటకా కొట్టి, "పక్కాగున్నది" అని తేల్చేశాడు. బొగ్గు నీళ్లలో నానుతుందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనేలేదు. మా నల్లచేప వెంటనే అందులో కాపురం పెట్టేసింది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం, బాపు రెండో షిఫ్టుకు బయల్దేరుతుండగా, అవతల నేల పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో రోజూలాగే పేలుళ్లు జరిగాయి. కిటికీలు గడగడలాడాయి, గిన్నెలు గలగలమన్నాయి. అది మాకు మామూలే కనుక ఎవరమూ తల ఎత్తలేదు. తొట్టిలో గుహ మాత్రం కుప్పకూలింది. నీళ్లన్నీ మసి. ఎర్రచేపలు ఓ మూల నక్కాయి, నల్లచేప జాడ లేదు. నేను ఏడుపు అందుకున్నాను.

"పోతే పోయింది తియ్యి బిడ్డా, ఇంకోటి తెస్త," అన్నాడు బాపు చెప్పులేసుకుంటూ.

పిండిచేతులతో అమ్మ వంటింట్లోంచి వచ్చి వాకిలికి అడ్డం నిలబడింది. "గదేం మాట? లోపల పానంతోని ఉన్నదేమో సూడకుంటనే పోతవా? రేపు నువ్వు గట్ల లోపలుంటే, ఎవలన్న పోతే పోయిండంటే, నేనేం గావాలె?"

అమ్మ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. నా ఏడుపు దానంతటదే ఆగిపోయింది. బాపు చొక్కా చేతులు మడిచి, పైపెళ్ల నుంచి ఒక్కొక్కటే, కింద ఏదీ కదలకుండా తీయడం మొదలుపెట్టాడు. షిఫ్టు బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. చివరి పెళ్ల కింద, రెక్క చిరిగినా మొప్పలాడిస్తూ నల్లచేప కనబడింది. అమ్మ అక్కడే కూర్చుని భోరుమంది.

తెలంగాణ వచ్చేనాటికి బాపు పనిచేసిన గని మూతపడింది. మా క్వార్టర్ల వరుసా నేలమట్టమైంది. ఆ పేలుళ్లు, షిఫ్టు సైరను వినక ఎన్నేళ్లయిందో. బాపు క్షేమంగా రిటైరై, పోయినేడు జ్వరంతో మా ఇంట్లోనే కన్నుమూశాడు. ఓదార్చబోయిన నన్ను అమ్మే దగ్గరికి తీసుకుంది.

"చీకట్ల కాదు, ఎలుగుల పోయిండు బిడ్డా, నా కండ్ల ముంగట పోయిండు. గది సాలు."