అంకె మీద చిన్న రెండు

పోయిన మంగళవారం పొద్దున్నే ఫోను వచ్చింది. "అమ్మా, మీ బాబాయి పోయాడమ్మా. టీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడు. నా చేతుల్లోనే పోయాడు" అని అవతలి మనిషి ఏడుస్తున్నాడు.

మా నాన్న తమ్ముడు మా బాబాయి. ఆ కబురు చెప్పి ఏడ్చినవాడు ఒకప్పుడు ఆయన్ని రెండుసార్లు నెత్తురొచ్చేలా కొట్టిన మనిషి. మొదటిసారి దవడ విరిగింది, ఎడమ చెవి ఇక జన్మలో వినపడలేదు. ఆ రెండు దెబ్బల మధ్య నాలుగేళ్లు బాబాయి తనంతట తాను లెక్కలూ ఫిజిక్సూ చదివాడు. ఆయన గురించి రాయాలంటే నాకు ఆ నాలుగేళ్లే ముందుకొస్తాయి.

బాబాయి చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. పత్తిలోంచి గింజ వేరుచేసే మిషన్లన్నీ ఆయన చేతికిందే ఉండేవి. ఏడో తరగతితో బడి మానేశాడు. కోపం జాస్తి. బోల్టు బిగుసుకుపోతే ముందు దాన్ని తిట్టి, సుత్తితో రెండు వేసి, ఆ తర్వాత నూనె పోసేవాడు. "ముందే నూనె పొయ్యొచ్చుగా బాబాయ్" అంటే, "ముందు దానికి భయం ఉండాలిగా" అనేవాడు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఆ మిల్లులో ఒకామె చనిపోయింది. మిషన్లకి పత్తి అందించే పని ఆమెది. అన్ని మిషన్లనీ తిప్పే పొడుగాటి షాఫ్టు ఆమె వెనకే తిరిగేది. దానికి అడ్డుగా ఏమీ ఉండేది కాదు. పమిట చెంగు దానికి చుట్టుకుంది. పది అడుగుల దూరంలో ఉన్న బాబాయి ఒక్క గెంతులో వెళ్లి స్విచ్చి కొట్టాడు. మోటారు ఆగింది. షాఫ్టు ఆగలేదు.

"రెండు చేతుల్తో పట్టుకున్నానమ్మాయ్. చేతుల్లో తోలు లేచిపోయింది. అయినా తిరిగింది. ఆమె అరుపు ఆగిపోయాక కూడా తిరిగింది."

ఆ గదిలో ఆ రోజు పత్తి పత్తిలా లేదని, ఎర్రటి ముద్దల్ని పారతో ఎత్తారని చూసినవాళ్లు చెప్పారు.

మార్చురీ ముందు ఆమె తమ్ముడు బాబాయిని పట్టుకున్నాడు. అతను గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మిర్చి బస్తాలు మోసి మోసి భుజాలు బండల్లా ఉండేవి. "స్విచ్చి తాపీగా కొట్టావంటగా! మా అక్క నలిగిపోతుంటే చూస్తా నిలబడ్డావంటగా!" అంటూ ఇనప రాడ్డుతో దవడ మీద కొట్టాడు. కింద పడ్డాక కడుపులో తన్నాడు. నలుగురు పట్టుకుంటేగానీ ఆగలేదు. బాబాయి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

మిల్లు తరఫున ఒక ఇంజనీరు వచ్చి రెండు పేజీల రిపోర్టు రాశాడు. మధ్యంతా లెక్కలు. చివరి వాక్యం మాత్రం అందరికీ అర్థమైంది: ఫిట్టరు స్విచ్చి ఆలస్యంగా కొట్టాడు. ఉద్యోగం ఊడింది. దవడకి కట్టుతోనే బాబాయి ఆ కాయితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"అంకె మీద ఈ చిన్న రెండు ఏంటమ్మాయ్?"

"ఆ అంకెని దాంతోనే గుణించమని బాబాయ్. వర్గం అంటారు."

"మిగతాది?"

"నాకూ తెలీదు. మాకింకా ఆ పాఠం రాలేదు."

"అయితే నేనే నేర్చుకుంటా. నేను ఆలస్యం చేశానో లేదో నాకు తెలియాల."

అప్పటికి ఆయనకి నలభై రెండేళ్లు. నా ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టాడు. పగలు బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఇంటి పక్కనే మిరపకాయలు ఎండబోసిన కల్లం దగ్గర కాపలా కూర్చున్నప్పుడు పుస్తకం తీసేవాడు. భిన్నాల దగ్గర ఆర్నెల్లు ఇరుక్కుపోయాడు. ఒకరోజు పుస్తకాన్ని కాయల మీదకి విసిరికొట్టి, గోడకేసి తల బాదుకున్నాడు. నుదురు చిట్లింది. పిన్ని పసుపు అద్ది, పుస్తకం దులిపి మళ్లీ ఆయన ఒళ్లో పెట్టింది. ఆ తర్వాత ఏ పేజీ తిప్పినా తుమ్ములే.

ఒకసారి నేను విసుక్కుని, "ఇది నీ వల్ల కాదులే బాబాయ్" అన్నాను. చెంప పేలిపోయింది. కింద పడ్డాను. రెండ్రోజులు ఆ గడప తొక్కలేదు. మూడో రోజు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడి, "నాదే తప్పు. ఆ లెక్క ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. ఆ లెక్క నాకూ సరిగ్గా రాదని అప్పుడే తెలిసింది. ఇద్దరం కూర్చుని నేర్చుకున్నాం.

రబ్బరు వాడనిచ్చేవాడు కాదు. "తప్పయితే గీత కొట్టు, అంతేగానీ తుడవమాక. ఎక్కడ తప్పామో కనపడాల" అనేవాడు. ఇవాళ నా క్లాసులో పిల్లలకి ఫిజిక్సు చెబుతూ నేనూ అదే మాట అంటున్నాను.

తర్వాత గుంటూరులో పాత పుస్తకాల షాపు నుంచి తెలుగు మీడియం ఇంటర్ ఫిజిక్సు తెచ్చుకున్నాడు. సైకిలు తిరగేసి, టైరు మీద సుద్దతో గీత గీసి, చక్రం తిప్పి వదిలి, ఎన్ని చుట్లకి ఆగుతుందో లెక్కపెట్టేవాడు. నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఒకసారి. ఊళ్లోవాళ్లు దెబ్బకి మతి పోయిందన్నారు. ఒకడు ఆ మాట మొహం మీదే అంటే, బాబాయి వాడి కాలరు పట్టుకుని కాలవలోకి తోశాడు. వచ్చి మళ్లీ చక్రం తిప్పాడు.

నాలుగో ఏడు, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది.

"నేను ఆలస్యం చెయ్యలేదమ్మాయ్."

"మంచిదేగా బాబాయ్!"

"ఆగు. షాఫ్టు తిరిగిన చుట్లని బట్టి స్విచ్చి ఆలస్యమని ఆ ఇంజనీరు లెక్క కట్టింది పాత వేగంతో. ఆ సీజన్లో పని తొందరగా అవ్వాలని యజమాని మోటారుకి బెల్టు తిరిగే పుల్లీ మార్పించాడు. ఎనిమిది అంగుళాలది తీసి పన్నెండుది. అంటే వేగం ఒకటిన్నర రెట్లు. స్విచ్చి ఆపాక తిరిగే చుట్లు ఒకటిన్నర రెట్లు కాదు. వర్గం. రెండుంపావు రెట్లు." లెక్కలు రాసుకున్న నోటుబుక్కు మూశాడు. "ఆ పుల్లీ బిగించింది నేనే. చెప్పగానే బిగించా. ఎందుకని అడగలా."

మర్నాడు నా స్కూటీ మీద గుంటూరు పక్క నల్లపాడులో ఉండే ఆ తమ్ముడి ఇంటికి వెళ్లాం. వద్దని ఎంత చెప్పినా వినలేదు. అతను అప్పుడే యార్డు నుంచి వచ్చినట్టున్నాడు, వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"ఎందుకొచ్చావురా?"

బాబాయి నోటుబుక్కు నా చేతికిచ్చి, చేతులు కట్టుకుని చెప్పాడు. స్విచ్చి వెంటనే కొట్టానన్నాడు. పుల్లీ సంగతి చెప్పాడు. "మీ అక్క చావులో నా చెయ్యి ఉంది. నువ్వు కొట్టిన కారణానికి కాదు, వేరే కారణానికి" అన్నాడు.

మాట పూర్తి కాకముందే పిడికిలి పడింది. మూతి పగిలింది. ముందు పన్ను ఒకటి ఊడి మట్టిలో పడింది. నేను కేకలు పెట్టాను. బాబాయి లేచి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. అతను రెండోసారి చెయ్యి ఎత్తి, దించలేక అలాగే ఉండిపోయాడు.

"ఇన్నేళ్లకా చెప్పేది?"

"నాకు తెలిసింది నిన్ననే."

ఆ తర్వాత ఇద్దరూ కలిసి గుంటూరులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. మిల్లు మనుషులు వాళ్లిద్దర్నీ చిలకలూరిపేట నడిరోడ్డు మీద కర్రలతో చావబాదారు. ఇద్దరూ ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద పదిరోజులున్నారు. యజమానికి శిక్ష పడలేదు. కానీ అధికారులు వచ్చి ఆ పుల్లీ తీయించారు, ఆ షాఫ్టుకి ఇనప వల పడింది. అప్పట్నుంచి ఆ ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు టీ తాగలేదు.

అదంతా తర్వాతి సంగతి. బాబాయిని తలుచుకుంటే నాకు కనపడేది ఆ సాయంత్రం నల్లపాడు వీధిలోని బోరింగు. బాబాయి వంగి దోసిలి పట్టి నోరు పుక్కిలిస్తున్నాడు. ఉమ్మిన ప్రతిసారీ నీళ్లు ఎర్రగా పడుతున్నాయి. ఆ తమ్ముడు ఏడుస్తూనే, దెబ్బకి వాచిన చేత్తో, ఆపకుండా బోరింగు కొడుతున్నాడు.