అమ్మకు తెలుగులో చెప్పని మాట

పోయిన నెల పెళ్లిరోజున మా వారు నా చేతికి ఒక కొత్తరకం గడియారం తొడిగారు. టైము చూపించడం దానికి చాలా చిన్న పని. రోజుకి ఎన్ని అడుగులు వేశాను, గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాను, అన్నీ కనిపెట్టి పొద్దున్నే ఫోనులో పెడుతుంది. నేను పాఠాలు చెప్పే స్కూలు స్టాఫ్‌రూములో ఇప్పుడు ఇదే కాలక్షేపం. మార్కుల జాబితా చూసుకునే పిల్లల్లాగా నీ నిద్రెంత, నా నిద్రెంత అని టీచర్లందరూ పోల్చుకుంటూ ఉంటారు. మొన్న నా వంతు వచ్చింది. నాలుగు గంటలు అని కనబడగానే పక్క టీచరు పకపకా నవ్వింది గానీ నేను మాత్రం ఫోను చటుక్కున బోర్లా పెట్టాను. ముందురాత్రి మా వీధిలో పెళ్లి బాజాలు మోగి ఎవరూ సరిగ్గా నిద్రపోలేదని నాకు తెలుసు. అయినా నాలో ఎక్కడో ఒక పదిహేనేళ్ల పిల్ల దిగ్గున లేచి కూర్చుని, మొదలైందా, అని అడిగింది.

ఆ పిల్లను గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లు, ఇంట్లో జబ్బు పేరు బయటికి అనకూడని రోజుల్లో పెరిగినవాళ్లు, ఆమెను సులువుగానే గుర్తుపడతారు.

మాది శ్రీకాకుళం వైపు. నేను పాలు మానకముందే అమ్మానాన్నలు రాయ్‌పూర్ వచ్చి బీర్‌గావ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నాన్న ఉర్లాలో ఒక చిన్న రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాగి పాములా దూసుకొచ్చే ఇనుప కడ్డీని పట్టకారుతో అందుకుని, వెనక్కి తిప్పి రెండో రోలరు నోట్లో పెట్టడం ఆయన పని. కన్ను పక్కకు తిప్పితే కాలు పోయే పని అది. అందుకేనేమో ఇంట్లో కూడా నాన్న తక్కువ మాట్లాడేవాడు, నెమ్మదిగా నడిచేవాడు, అన్నం కలుపుతున్నప్పుడు సైతం దాన్నే చూసేవాడు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ అమ్మడూ అనే.

నేను పదో తరగతి పరీక్షలు రాశాక, మిల్లులో రాత్రి షిఫ్టులు ఎడతెగకుండా పడిన ఒక ఎండాకాలం, ఆ నాన్న మారిపోయాడు. ముందు నిద్ర పోయింది. తర్వాత మాటలు వచ్చాయి, తెలుగూ హిందీ ఛత్తీస్‌గఢీ కలిపి ధారాళంగా, ఆగకుండా. ఇంటి ముందు గోడకు ఒక్క పూటలో నీలం రంగు వేశాడు, ఆ ఊపులోనే పక్కింటి గోడకూ వేశాడు. ఆ ఇంటి కాకీ, అంటే పిన్ని వరసావిడ, మంచిది కాబట్టి నవ్వి ఊరుకుంది గానీ, సాయంత్రం అమ్మను చాటుకు పిలిచి, "బైగాకో దిఖావో బహిన్" అంది. బైగా అంటే వాళ్ల భూతవైద్యుడు, ఆయనకు చూపించమని. ఊళ్లో మా అమ్మమ్మకు కబురు వెళితే ఆవిడా గాలి సోకిందనే తేల్చింది. అలా రెండు రాష్ట్రాల వైద్యమూ ఒక్కచోటికే వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మిల్లులో లారీ నడిపే మావాడొకాయన, వరసకు మామ, పరుగున వచ్చి నన్నూ అమ్మనూ బండి ఎక్కించుకుని టాటీబంధ్ తీసుకువెళ్లాడు. అప్పట్లో అక్కడ వంతెనలూ అవీ లేవు, నాలుగు వైపుల నుంచీ లారీలు వచ్చి ఒకదానికొకటి తల ఆనించుకుని నిలబడే కూడలి అది. ఆ నడిమధ్యన మా నాన్న, నెత్తిన మిల్లు హెల్మెట్‌తో, చేతులు రెండూ చాచి లారీలను ఇటు రమ్మని, అటు పొమ్మని నడిపిస్తున్నాడు. డ్రైవర్లు కొందరు తిడుతున్నారు, కొందరు హారన్లు కొట్టి ఉత్సాహపరుస్తున్నారు. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది, కాళ్లు దగ్గరకు పెట్టి నాకు సలాం కొట్టాడు. అంత సంతోషంగా ఉన్న నాన్నను నేను అంతకుముందు చూడలేదు. పాడెక్కిన మనిషిని చూసినా అంత భయం వేసేది కాదేమో. ఆ సంతోషంలో మా నాన్న లేడు, అది ఆయన్ని చొక్కాలా తొడుక్కుని తిరుగుతోంది.

పెద్దాసుపత్రిలో పిచ్చి డాక్టరు దగ్గరికి (అప్పుడు అందరం అలాగే అనేవాళ్లం, నన్ను క్షమించాలి) నేనే మాటసాయం వెళ్లాను. అమ్మకు హిందీ రాదు. పదిహేనేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నా కూరగాయల బేరం దాటి ఆవిడ నోట హిందీ విన్నవాళ్లు లేరు. మా బస్తీలో తెలుగు ఇళ్ల పిల్లలందరిదీ ఇదే ఉద్యోగం. రేషను షాపులో, స్కూల్లో, ఆసుపత్రిలో పెద్దవాళ్లకు నోరు మేమే. డాక్టరు అడిగింది నేను తెలుగులో అమ్మకు చెప్పడం, అమ్మ చెప్పింది హిందీలో ఆయనకు అందించడం. నాన్న నిద్ర గురించి, మాటల గురించి, పెళ్లైన కొత్తలో ఒకసారి నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న సంగతి గురించి, నాన్నవైపు తాతయ్య ఎందుకు ఇల్లు వదిలి తిరిగేవాడో దాని గురించి, నేను మొదటిసారి విన్నది నా నోటితోనే. చివర్లో డాక్టరు కాగితం మీద ఇంగ్లీషులో బైపోలార్ అని రాసి, మనసు కొన్నాళ్లు మితిమీరి పైకెగిసి కొన్నాళ్లు కిందికి కుంగిపోయే జబ్బని, మందుల వివరం చెప్పి, కలం మూత పెడుతూ అమ్మవైపు చూసి అన్నాడు: "యే బీమారీ ఖాన్‌దాన్ మే చల్తీ హై. బచ్చీ పర్ భీ ధ్యాన్ రఖ్నా."

ఈ జబ్బు వంశంలో వస్తుంది, పిల్లను కూడా కనిపెట్టుకుని ఉండండి. ఆ పిల్లే తనకు దుబాసీగా కూర్చుందని పాపం ఆయన మరిచిపోయాడు. ఏమన్నాడు అన్నట్టు అమ్మ నావైపు చూసింది. మందులు మానకూడదట, అని చెప్పాను. అంతే, ఆ ఒక్క వాక్యాన్నీ మింగేశాను. అప్పటికే అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. దానిమీద ఇంకోటి వేయడానికి నాకు మనసు రాలేదు.

మింగినంత మాత్రాన అది అరుగుతుందా? ఆ రోజు నుంచి నాకు నేనే కాపలా. స్నేహితురాళ్లతో నవ్వుతూ నవ్వుతూ, ఇది కాస్త ఎక్కువ నవ్వు కాదు కదా అని ఠక్కున ఆగిపోయేదాన్ని. త్వరగా మాట్లాడితే భయం, మాట్లాడాలనిపించకపోతే ఇంకో భయం. బాధపడ్డ రోజు జబ్బులో కింది సగమనీ, సంతోషపడ్డ రోజు పై సగమనీ అనుకునేదాన్ని. దేనికీ చెందని రోజు ఒక్కటి దొరికితే చాలు అని దండం పెట్టుకున్న పిల్లను మీరెక్కడైనా చూశారా? దసరాకు మా బస్తీలో డాండియా ఆడితే కిటికీ దగ్గర నిలబడి చూశానే తప్ప వెళ్లలేదు. ఒళ్లు మరిచి ఆడాలంటేనే నాకు వణుకు.

పదకొండో తరగతిలో స్కూలుకు సికిలింగ్ పరీక్ష వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో చదువుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొన్ని కుటుంబాల్లో రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు అది, అమ్మానాన్నల నుంచి పిల్లలకు వస్తుంది. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి వేలు పొడిచి ఒక్కో చుక్క తీసుకున్నారు. వచ్చిన నర్సు, ఖాన్‌దానీ బీమారీ ఉందో లేదో ఈ చుక్క చెప్పేస్తుందని హిందీలో అంది. ఖాన్‌దాన్! డాక్టరు వాడిన మాటే. పదిహేను రోజుల తర్వాత ఏమీ లేదు అన్న చీటీ నా చేతికి వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి గానీ, రెండు జబ్బులు వేరని తెలిసీ, రక్తం రక్తమే కదా, వంశం నుంచి వచ్చే పాడు ఏదున్నా ఇందులో తేలి ఉండేది కదా అని నేను గట్టిగా నమ్మాను. ఆ చీటీని మడిచి జామెట్రీ పెట్టెలో పెట్టుకుని, ఏడాది పాటు కంటినిండా నిద్రపోయాను. చీటీ చెప్పింది కాబట్టి నవ్వాను కూడా.

పన్నెండులో జీవశాస్త్రం టీచరమ్మ సికిలింగ్ పాఠమే చెప్పింది. ఆ పరీక్ష ఆ ఒక్క జబ్బునే చూస్తుందనీ, వంశపారంపర్యంగా వచ్చేవి ఇంకా ఎన్నో ఉన్నాయనీ, వాటిలో కొన్నింటికి, ముఖ్యంగా మనసు జబ్బులకు, ఏ రక్తపరీక్షా లేదనీ అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను క్లాసులో తల దించేశాను. ఏడాది పాటు ఆగిన భయం వడ్డీతో సహా వచ్చి మీద పడింది.

బోర్డు పరీక్షలకు వారం ఉందనగా నిద్ర పోయింది. మొదటి రోజు చదువు వల్ల, రెండో రోజు టీ వల్ల, మూడో రోజు నిద్ర పట్టదేమోనన్న భయం వల్ల. నాలుగో రోజు పొద్దున్నకి ఆశ్చర్యంగా అలసట లేదు, పుస్తకం మొత్తం కళ్ల ముందు ఆడుతోంది, చేతులు తేలికగా ఉన్నాయి. వచ్చేసింది, అనుకున్నాను. టాటీబంధ్ కూడలిలో నేను నిలబడి ఉన్నట్టు, లారీలన్నీ నామీదికి వస్తున్నట్టు అనిపించింది. నాన్న పనికి వెళ్లాక బియ్యం డబ్బా పక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, పరీక్షలు రాయనని అమ్మకు చెప్పాను. అమ్మ ఎందుకని అడగలేదు. పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"లెగు. మీ నాన్న డాక్టరు కాడికి ఎల్దాం."

ఆసుపత్రిలో, అలవాటు కొద్దీ, అమ్మ మాటను హిందీలో పెట్టడానికి నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి నొక్కి ఆపింది. డాక్టరు ముఖంలోకి సూటిగా చూసి, కూరగాయల బేరం కాని మాట మొదటిసారి, ఆడ మగ తేడా కూడా లేని తన సొంత హిందీలో అంది: "డాక్టర్ సాబ్, ఆప్ బోలా థా బచ్చీకో దేఖో. మై దో సాల్ దేఖా. అబ్ ఆప్ దేఖో."

మీరు పిల్లను చూడమన్నారు, నేను రెండేళ్లు చూశాను, ఇక మీరు చూడండి. నేను చెప్పని వాక్యం అమ్మకు మొదటి రోజు నుంచీ తెలుసు.

డాక్టరు చాలాసేపు నన్ను ప్రశ్నలడిగాడు. ఇది జబ్బు కాదు, పరీక్ష భయం, దానిమీద టీ, అన్నాడు. రేపెప్పుడైనా వస్తుందా అంటే మాత్రం ఆయన అబద్ధం చెప్పలేదు. రావచ్చు, రాకపోవచ్చు, ఇలాంటి ఇళ్లలో పిల్లల్లో ఎక్కువమందికి రాదు, వస్తే మందుంది, ఆ మందుతోనే మీ నాన్న ఈపూట మిల్లులో నిలబడి ఉన్నాడు కదా అన్నాడు. ఆ జవాబు చీటీ అంత తియ్యగా లేదు గానీ దానిమీద కాలు ఆనింది.

తిరుగు ఆటోలో అమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది. "మాట్టాడ్డం రాదు గాని, నాకు చెవులు నేవేటే? ఆయన అన్నది ఇన్నాను. నువ్వు చెప్పనేదు గదా, నీకు బోదపడనేదేమో అనుకున్నాను. బోదపడితే బయపడతావని నానూ ఊరుకున్నాను." ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకుని, తల్లీకూతుళ్లం రెండేళ్లు ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోశామన్నమాట. భన్‌పురి దాటేవరకూ ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను.

కథ అక్కడితో సుఖాంతమని చెప్పి ముగిస్తే బాగుండును. పరీక్షలు రాశాను, ఫస్టు క్లాసు వచ్చింది. ఆ సాయంత్రం నాన్న, డాక్టరు ఇచ్చిన కాగితం చూపించి పగటి షిఫ్టుకే మారిన నాన్న, జిలేబీ పొట్లం పట్టుకుని సందు మొదట్నుంచే అమ్మడూ అమ్మడూ అని కేకలేసుకుంటూ వచ్చాడు. గుమ్మం ముందు ఆగి, పొట్లం గుండెకు తప్పెటలా పట్టుకుని, మా ఊరి తప్పెటగుళ్ల ఆటలో రెండడుగులు వేశాడు. కాకీ చప్పట్లు కొట్టింది. నేను ఆయన కళ్లలోకి పరీక్షగా చూసి అడిగాను.

"నాన్నా, మందేసుకున్నావా?"

కాళ్లు ఆగిపోయాయి. "ఏసుకున్నానమ్మా" అని, పొట్లం జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. నా వెనకే అమ్మ మాత్రల అట్ట తీసి చూస్తుండటం ఆయన గమనించే ఉంటాడు. ఆ తర్వాత మా ముందు ఆయన గట్టిగా నవ్వడం కూడా నాకు గుర్తు లేదు.

జబ్బు నాకు రాలేదు. నాన్న గుండెపోటుతో పోయి ఆరేళ్లయింది, చివరిదాకా మందు మానలేదు. టాటీబంధ్ మీదుగా ఇప్పుడు వంతెన పోతోంది. నా దగ్గర చదివే పిల్లలు డిప్రెషన్, బైపోలార్ అన్న మాటలు జలుబూ జ్వరమూ అన్నంత మామూలుగా అంటారు, మా స్కూల్లో వాళ్ల గోడు వినడానికి వేరే టీచరే ఉంది, ఎవరూ ఏ మాటా మింగనక్కర్లేదు. మంచిదే, చాలా మంచిదే. నాకు మాత్రం ఒక్కటి తీరలేదు. నాన్నకు ఎన్నిసార్లు జబ్బు చేసిందో నేను తేదీలతో చెప్పగలను. ఆయన ఎన్నిసార్లు ఉట్టినే సంతోషపడ్డాడో చెప్పలేను. ఆ రెండడుగులు ఇంకొక్కసారి వేస్తే, ఏమీ అడగకుండా పక్కన నిలబడి నేనూ వేద్దును.