నీళ్లు కట్టి ఎన్నాళ్లయింది?

అతన్ని నేను సొంత తమ్ముడనుకున్నాను. ఇప్పుడు ప్రొద్దుటూరు బజారులో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతాను. కోపం తగ్గలేదు. తగ్గాలని నాకూ లేదు.

ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నాది వృక్షశాస్త్రం, అతనిది కంప్యూటర్లు. శాస్త్రవేత్తలు పిడికెడు మట్టిలోని సూక్ష్మజీవులన్నింటి డీఎన్ఏనూ కలిపి చదివి, ఆ సమాచారాన్ని ఇంటర్నెట్లో ఎవరైనా చూసుకునేలా పెడుతున్నారు. ఉచితమే. కానీ అందులోంచి ఒక్క ముక్క బయటికి తీయాలంటే నల్లటి తెరమీద ఏవేవో ఆదేశాలు కొట్టాలి. బిందె నిండా నీళ్లుండి ముంచుకోను చెంబు లేనట్టు ఉండేది నాకు. అందుకని నాలాంటి వాళ్లకోసం, తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే పేజీ ఒకటి చేశాం. తోట మట్టి ఫలితం ఎక్కిస్తే, అది పాత నమూనాల్లో దేనికి దగ్గరగా ఉందో చూపిస్తుంది.

అందులో నేను పట్టుబట్టి పెట్టించిన ప్రశ్న ఒకటుంది: నీళ్లు కట్టి ఎన్నాళ్లయింది? పులివెందుల వైపు చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, పూత కోసం కొన్నాళ్లు నీళ్లాపి చెట్లను వాడబెడతారు. ఆకు రాలుతుంది, మట్టిలో జీవులూ మారిపోతాయి. ఆ సంగతి చెప్పకపోతే మంచి తోట కూడా పేజీకి చచ్చే తోటలాగే కనిపిస్తుంది. అతనిది పులివెందులే. వాళ్ల నాన్నదీ చీనీ తోటే. అతనికి నేను విడమరచి చెప్పాల్సిన పనే లేదు.

నగరంలో పేజీకి నిధులిచ్చే పెద్దల ముందు పేజీని చూపించడానికి అతనొక్కడే వెళ్లాడు. వచ్చాక "శానా మెచ్చుకున్యారక్కా" అన్నాడు. పిచ్చిదాన్ని, ఆ సంతోషానికి పాయసం చేసి పెట్టాను. లొట్టలేసుకుంటూ తిన్నాడు.

పులివెందుల దగ్గర మా మేనమామ తోటకు ఆ ఏడు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. వేరే జిల్లా పిల్ల, జమ్మలమడుగులో గది తీసుకుని ఉండేది. చీనీ సాగు ఆమెకు కొత్త. నీళ్లాపిన రోజుల్లో మట్టి తీసుకెళ్లింది. ఫలితం రాగానే మా పేజీలో వెతికింది. వేరుకుళ్లు తోటలతో సరిపోతోందని, పక్క తోటలకు పాకకముందే చెట్లు పీకేయడం మేలని చెప్పింది. మేనకోడలు చేసిన పేజీ కదా, మామ మారుమాట్లాడలేదు.

సంగతి తెలిసి నేను వెళ్లేసరికి జేసీబీ వెళ్లిపోయింది. చెట్లన్నీ పక్కకొరిగి పడి ఉన్నాయి. ఒక వేరు గీరి చూశాను. లోపల తెల్లగా, గట్టిగా ఉంది. రెండోదీ అంతే. అక్కడే ఫోన్లో పేజీ తెరిచాను. నా ప్రశ్న లేదు.

అతనికి ఫోన్ చేశాను. "నీళ్ల ప్రశ్న యాడికి పోయింది?"

"తీసేసినానక్కా. ఇంకా సులువుగా ఉండాలన్యారు ఆ పెద్దోళ్లు. ఆ ప్రశ్న కాడికొచ్చి అందరూ నిలబడిపోతాండారంట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు గదా."

ఒళ్లు మండిపోయింది. మరిచిపోయానని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. తెలిసి తీశాడు, తెలిసి దాచాడు, నా ఇంట్లో కూర్చుని పాయసం తిన్నాడు. "మీ నాయన తోటకైతే తీసేటోడివా?" అని అరిచాను. ఫోన్ పెట్టేశాను.

మామ గట్టుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

"వాడబెట్టినామని ఆ పిల్లకు చెప్దామనుకున్యా పాపా" అన్నాడు. "నువ్వు ఈ తోటలో పెరిగినదానివి. నీ పేజీ అడగలేదంటే, అది చెప్పే పని లేదేమోలే అనుకున్యా."