గ్యారేజీలో రెండో పొయ్యి

హెండర్సన్‌లో బస్సు నడిపే కొమురయ్యన్నకు ఇంటికొచ్చిన మనిషిని తిండి పెట్టకుండా పంపడం చేతకాదు. ఆ గుణమే ఆయన కొంప ముంచింది. అందులో నా చెయ్యీ ఉంది.

ఆయన భార్య సావిత్రి వదిన ఎండుచేపలు వేయించిందంటే స్మోక్ అలారం కూతపెట్టేది. వాసన కార్పెట్‌కు పట్టి వారం దాకా వదిలేది కాదు. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని వదిన పోపు కూడా భయంభయంగా వేసేది. చూడలేక అన్న స్వయంగా గ్యారేజీలో ఒక పొయ్యి, సింకు అమర్చాడు. బయటినుంచి ఒక తలుపు పెట్టాడు. మధ్యాహ్నం డ్యూటీల మధ్య నడుము వాల్చడానికి మంచం వేసుకున్నాడు. ఈ పరాయి దేశంలో వదిన భయం లేకుండా నిలబడ్డ చోటు అదొక్కటే.

నిరుడు కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఇళ్ల విలువలు మళ్లీ కట్టింది. ఏటా కట్టే రేట్స్, అంటే మన ఇంటిపన్ను లాంటిది, ఆ విలువను బట్టే పడుతుంది. వీధిలో అందరికన్నా అన్న ఇంటికే ఎక్కువ పెంచారు. అబ్జెక్షన్ పెట్టమని పెద్ద తెలిసినవాడిలా చెప్పింది నేనే. ఫారం నింపిందీ నేనే.

విలువ చూడడానికి కౌన్సిల్ తరఫున ఒకాయన వచ్చాడు. ఇల్లు చూపించడమంటే మనవాళ్లకు ఒక్క మూల కూడా వదలకూడదు కదా. అన్న దేవుడి గూటితో మొదలుపెట్టి చివరికి గ్యారేజీకి తీసుకెళ్లి, పిలిచి పీటేసి, చేపల పులుసుతో అన్నం పెట్టాడు. ఆయన ముక్కు తుడుచుకుంటూనే మారు వడ్డించుకున్నాడు. తిన్నాక మర్యాదగా అడిగి పొయ్యికీ, సింకుకీ, తలుపుకీ, మంచానికీ ఫొటోలు తీసుకున్నాడు.

"మన కిచెన్ ఆయనకు మస్తు నచ్చింది తమ్మీ" అని అన్న ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ఇంటి విలువ కొంచెం తగ్గించారు. కానీ వేరే తలుపు, వేరే వంటగది, పడుకునే చోటు ఉన్నాయి కాబట్టి గ్యారేజీని రెండో ఇల్లుగా లెక్కేశారు. రేట్స్‌లో ఇంటికింత అని వేసే చార్జీ ఒకటుంది. అది ఇక రెండుసార్లు కట్టాలి. తగ్గినదానికంటే పెరిగిందే ఎక్కువ. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"ఇల్లొక్కటే గదా తమ్మీ, రెండెట్లయితది? ఉన్నది మేమిద్దరమేనాయె" అన్నాడు అన్న.

నేను కౌన్సిల్‌కు ఫోన్ చేశాను. ఎవరుంటున్నారన్నది కాదు, విడిగా ఉండే వీలుందా అన్నదే లెక్క అని అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పొయ్యి, సింకు తీసేస్తే మళ్లీ ఒక్క ఇల్లే అంది. కసురుకునే మనిషైతే పోట్లాడేవాణ్ణి. అంత మెత్తటి గొంతుతో ఏమని పోట్లాడను?

"కడదాం తియ్యి. ఆదివారం గూడ డ్యూటీ అడుగుత" అన్నాడు అన్న. అప్పటికే వారానికి ఆరు రోజులు నడుపుతున్నాడు.

వదిన ఆయన వాచిన మోకాళ్లకేసి చూసింది. "వద్దు. పీకెయ్" అంది.

అన్న మరలు విప్పుతుంటే నేను పక్కన డబ్బా పట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తీసేశారో లేదో చూడడానికి మళ్లీ ఆ కౌన్సిల్ ఆయనే వచ్చాడు. ఖాళీ గోడను ఫొటో తీసుకున్నాడు. ఆ చేపల పులుసు గురించి తన భార్యకు కూడా చెప్పానన్నాడు. మంచివాడే పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు. అన్న తలూపి వాకిలి దాకా సాగనంపాడు. తిని వెళ్లమని మాత్రం అనలేదు. లోపల వదిన కిటికీలన్నీ తెరిచి పప్పు ఉడకబెడుతోంది, పోపు లేకుండా.